మౌటె గీత

ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీలో ఏడో మిషను దగ్గర రాత్రిపూట ఒంటరిగా నిలబడే మొగాడు లేడు.

పగలు అది మామూలు మిల్లింగ్ మిషనే. ఉత్తరం గోడ వైపు, పెద్ద తలుపుకి పక్కన ఉండేది. పగలు దాని మీద పని కూడా జరిగేది. చీకటి పడి, షెడ్డులో దీపాలు ఆర్పేసి, తలుపులకు తాళాలు వేశాక మాత్రం... దానికి ప్రాణం వస్తుందనేవారు. ఆరు చేతులు ఉన్నాయి దానికి. ఆ చేతులు వాటంతటవే లేస్తాయనేవారు.

నేను లేతు మీద పని చేసినవాణ్ణి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు వేరే విద్య లేదు. ఈ కథలో కొంత నేను కళ్ళారా చూసింది, ఎక్కువ భాగం ఇద్దరి నోట విన్నది. ఒకడు సెలామి, పరాయి దేశం నుంచి మా ఫ్యాక్టరీలో పనికొచ్చినవాడు. ఒకటికి రెండు కలిపి చెప్పే మనిషి కాబట్టి అతను చెప్పినదాంట్లో సగం తీసేశాను. రెండో ఆయన రాప్ మేస్త్రీ. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంచాను.

ముందు ఆ చేతుల సంగతి.

మిల్లింగ్ మిషను మీద ఇనుముని కోసేటప్పుడు ఆ ఇనప దిమ్మను కదలకుండా పట్టి ఉంచాలి. ఆ దిమ్మను మేం జాబ్ అంటాం. జాబ్ వెంట్రుకవాసి కదిలితే పని పాడవుతుంది. ఇంకొంచెం కదిలితే మనిషి పోతాడు. అంతకుముందు ఆరు బోల్టులు పెట్టి స్పానర్‌తో బిగించేవాళ్ళం. డెబ్బై ఏడులో, ఆకులు రాలే రోజుల్లో, ఏడో మిషనుకి కొత్త సరంజామా వచ్చింది. బల్ల చుట్టూ ఆరు ఉక్కు సిలిండర్లు, ఒక్కోటి పిడికిలంత లావు. ప్రతి సిలిండరు నెత్తిన ఒక చెయ్యి. పంపు వేస్తే నూనె లోపలికి తన్నుతుంది. ఆరు చేతులూ ఒకేసారి లోపలికి తిరిగి, కిందికి దిగి, జాబ్‌ని అదిమి పట్టుకుంటాయి. నూనె వదిలేస్తే లోపలి స్ప్రింగు చేతిని పైకి లేపుతుంది. చెయ్యి పక్కకి తిరిగిపోతుంది.

మొదటిసారి చూసినప్పుడు అందరం పని ఆపి నిలబడ్డాం. ఆరుగురు మనుషులు ఒక బిడ్డ మీద అరచేతులు ఆనించినట్టుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మా తాతల కాలం నుంచీ ఉంది. జాబ్ బిగించిన మనిషి చెక్క సుత్తితో దాన్ని రెండుసార్లు తట్టి చెవి పెట్టి వింటాడు. గట్టిగా పట్టిన ఇనుము గొంతు వేరు, వదులుగా ఉన్న ఇనుము గొంతు వేరు. చెవికి నమ్మకం కుదిరాక సుద్దముక్కతో జాబ్ మీద ఒక అడ్డగీత గీసి, కింద తన పేరు మొదటి అక్షరం వేస్తాడు. ఆ గీత ఉందంటే, 'నేను బిగించాను, నేను విన్నాను, పూచీ నాది' అని అర్థం. ఒకడు గీత గీశాక ఇంకోడు మళ్ళీ తట్టి చూడడు. తట్టాడంటే గీసినవాడి మొహాన ఉమ్మినట్టే.

గీత గీసి బిగించనివాడు ఉండడు. ఉంటే వాడు మనిషి కాదు. మమ్మల్ని అలా పెంచారు.

ఆ పెంచినవాళ్ళలో గొట్లోబ్ రాప్ ఒకడు. మా షెడ్డు మేస్త్రీ. ఆదివారం ప్రార్థన కూటంలో పెద్ద. నలభై ఏళ్ళలో ఆయన నోట అబద్ధం విన్నవాడు మా ఐయాఖ్ లోయలో లేడు. మనిషి లేని గదిలో దీపం వెలుగుతుంటే కాలు నిలవదు ఆయనకి. రొట్టె ముక్కలు బల్ల మీద మిగిలితే అరచేతిలోకి ఊడ్చి నోట్లో వేసుకుంటాడు. ఇది పిసినారితనం కాదు. మా లోయలో ఇది నీతి.

కొత్త సరంజామాతో ఒక పుస్తకం వచ్చింది. కోత జరుగుతున్నంతసేపూ పంపు తిరుగుతూనే ఉండాలని అందులో ఉంది. రాప్ మేస్త్రీ అది చదివి కళ్ళజోడు తీశాడు.

"పట్టుకున్న చెయ్యి పట్టుకునే ఉంటుంది కదయ్యా. పంపు ఊరికే తిరగడం ఎందుకు?"

ఆ రోజు నుంచి ఆయన నియమం ఒకటి వచ్చింది. పంపు వెయ్యాలి, గేజీ ముల్లు గుర్తు దాకా రాగానే నూనె గొట్టానికి ఉన్న మర, అదే కాక్, మూసెయ్యాలి, పంపు ఆపెయ్యాలి. గొట్టంలో చిక్కుకున్న నూనె చేతుల్ని పట్టి ఉంచుతుంది. పంపు ఆగితే మిషను నడవకుండా కరెంటు పెట్టె లోపల ఒక స్విచ్చి ఉంది. ఆయనే పెట్టె విప్పి, దాని రెండు కొసలూ చిన్న తీగ ముక్కతో కలిపేశాడు, ఇంక పంపు ఆగినా మిషను నడుస్తుంది. రాత్రి షిఫ్టు విరామంలో షెడ్డు హీటరు కూడా ఆపించేవాడు.

మేమందరం మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నాను.

డెబ్బై ఎనిమిది జనవరిలో ఒక రాత్రి. బయట సున్నాకి పద్నాలుగు డిగ్రీలు కింద ఉంది చలి.

ఏడో మిషను మీద ఆల్బన్ మౌటె ఉన్నాడు. నలభై ఒక్క ఏళ్ళవాడు. నెమ్మది మనిషి. పది మాటలకి ఒక మాట జవాబు చెప్పేవాడు. అతని భార్య హెడ్విగ్ మా క్యాంటీన్‌లో వడ్డించేది. ఆ రాత్రి అతను గేర్‌బాక్సు పోతలు, అంటే అచ్చులో పోసిన ఇనప దిమ్మలు, కోస్తున్నాడు. ఒక్కోటి నలభై కిలోలు. రెండు గంటలకి విరామం గంట కొట్టారు. దానికి ముందే అతను తర్వాతి పోతను బిగించి, తట్టి, గీత గీసి వచ్చాడు. తట్టడం నేను విన్నాను. పక్క వరసలోనే ఉన్నాను.

అరగంట రొట్టె తిన్నాం. హీటరు ఆపేశారు. ఆ అరగంటలోనే పోతల లారీ వచ్చిందని పెద్ద తలుపు బార్లా తెరిచారు.

రెండున్నరకి లేచాం. ఆల్బన్ తన మిషను దగ్గరికి వెళ్ళాడు. కట్టర్ ఇనుముని తాకిన చప్పుడు విన్నాను...

ఆ తర్వాత విన్నది చెప్పను.

డాక్టరు వచ్చేసరికి చెయ్యగలిగింది ఏమీ లేదు. రాప్ మేస్త్రీ ఇంటి నుంచి నైట్ షర్టు మీద ఓవర్‌కోటు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి అరగంట పైనే అయింది. ఆయన ఆల్బన్ కళ్ళు మూశాడు. తర్వాత మిషను వైపు చూశాడు.

ఆరు చేతులూ పైకి లేచి, పక్కకి తిరిగి ఉన్నాయి.

పోత నేల మీద ఉంది. దాని మీద సుద్దగీత ఉంది. గీత కింద అక్షరం కూడా ఉంది.

ఆయన రెండింటినీ చాలాసేపు చూశాడు.

"బిగించలేదు," అన్నాడు మెల్లిగా.

"గీత ఉంది కదండీ..." అన్నాను.

"గీత ఉంది యాకోబ్. బిగించలేదు."

విచారణకి వచ్చినవాళ్ళు చేతులు చూశారు, మేస్త్రీ మాట రాసుకున్నారు, వెళ్ళిపోయారు. పెట్టె విప్పమని అడగలేదు. అడగలేదు కాబట్టి తీగ ముక్క సంగతి ఆయన చెప్పలేదు. చేతులు తెరిచి ఉంటే ఇంక తీగ గురించి ఎందుకని అనుకున్నాడట. అడిగినదానికి నిజం చెప్పాను, అడగనిది దాచడం అబద్ధం కాదు అనుకున్నాడట. అది అబద్ధమే. మంచివాళ్ళు ఆడే అబద్ధం అదొక్కటే, అందుకే అది ఎక్కువ దూరం పోతుంది.

సోమవారం షిఫ్టు మారే వేళ రాప్ మేస్త్రీ అందరినీ నిలబెట్టి మాట్లాడాడు. గీత గీసి బిగించనివాడి గతి ఏమిటో చూశారు కదా, అన్నాడు. అంతే అన్నాడు. పేరు ఎత్తలేదు.

పేరు మేం ఎత్తాం.

నెల తిరక్కుండా 'మౌటె గీత' అనే మాట పుట్టింది. ఎవరైనా చెయ్యని పని చేశానంటే, 'మౌటె గీతేనా?' అనేవాళ్ళం. ఒంట్లో బాగాలేదని ఒకడు సెలవు చీటీ పంపితే మౌటె గీత. ఇస్తానన్న సుత్తి ఇవ్వకపోతే మౌటె గీత. ఆరు నెలల్లో ఆ మాట ఫ్యాక్టరీ గోడ దాటి ఊళ్ళోకి పోయింది. రొట్టెల కొట్టులో ఒకామె, బ్రెట్జెల్ రొట్టె ఇవాళ్టిదేనా, మౌటె గీతా అని అడగడం నేను విన్నాను.

హెడ్విగ్ క్యాంటీన్‌లో గరిటెతో పప్పూ నూడుల్సూ వడ్డిస్తూ ఉండేది. వరసలో నిలబడ్డవాళ్ళు ఆ మాట అనేసి, ఆమెని చూసి నాలుక కరుచుకునేవాళ్ళు. ఆమె తల ఎత్తేది కాదు. నా మొగుడు అలాంటివాడు కాదని ఎవరితోనూ పోట్లాడలేదు. ఒక్కసారి కూడా. ఓర్చుకుంటోంది అనుకున్నాం. తన మనిషి ఎలాంటివాడో తనకి తెలుసు, ఇంకెవరికీ చెప్పక్కర్లేదని ఊరుకుంటోంది అనుకున్నాం.

ఒకసారి నేనూ అన్నాను, ఆమె వింటుండగా. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఏడో మిషనుని పది నెలలు టార్పాలిన్ కప్పి ఉంచారు. మళ్ళీ విప్పాక దానికి రాత్రి షిఫ్టు తీసేశారు. సాయంత్రం దిగిపోయేవాడు పొద్దున్న వచ్చేవాడి కోసం ఒక జాబ్ బిగించి, తట్టి, గీత గీసి పోవడం మా అలవాటు. వచ్చే మనిషికి కంచం పెట్టి ఉంచడం లాంటిది అది.

ఆ చలికాలం మొదలైన వారానికే ఒక పొద్దున్న... గీత ఉంది. చేతులు తెరిచి ఉన్నాయి.

ముందు వాళ్ళలో వాళ్ళు తిట్టుకున్నారు. ఇంకో పొద్దున్న కూడా అంతే. షెడ్డుకి తాళం వేశారు. తాళం వేసినట్టే ఉంది. లోపల చేతులు తెరిచి ఉన్నాయి.

'మౌటె వస్తున్నాడు,' అన్నారు. 'వాడు బిగించలేదన్నారు కదా, ఇంకెవరినీ బిగించనివ్వడట.'

వేసవిలో ఆగిపోయింది. శాంతించాడు అన్నారు. మళ్ళీ మంచు పడగానే మొదలైంది.

ఆ జనవరిలో సెలామి కళ్ళారా చూశాడు. మా ఇద్దరికీ పక్క షెడ్డులో రాత్రి షిఫ్టు. నూనె డబ్బా కావాలంటే తాళం తీసుకుని ఏడో మిషను ముందు నుంచే వెళ్ళాలి. వెళ్ళినవాడు డబ్బా లేకుండా వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"యాకోబన్నా... లేచాయి."

"ఏం లేచాయిరా?"

"చేతులు."

"తాగావా?"

"నేను తాగను. తాగేది మీరు." గొంతు తగ్గించాడు. "టార్చి వేశాను. అన్నీ కిందికే ఉన్నాయి, బుద్ధిగా. ఒకటి కదిలింది... టక్ మని. మెల్లిగా పైకొచ్చి పక్కకి తిరిగింది. ఎవరో పడుకున్నవాడి మీంచి చెయ్యి తీసినట్టు. తర్వాత రెండోది. మూడోది. నాలుగోదాకా లెక్కపెట్టానన్నా."

"తర్వాత?"

"తర్వాత లెక్కపెట్టింది నా కాళ్ళు."

నవ్వాలనుకున్నాను. నవ్వు రాలేదు.

మర్నాడు రాప్ మేస్త్రీ అతన్ని పిలిపించాడు. నూనె డబ్బాకి ఆ దారిన నేను పోనంటే పోను అన్నాడు సెలామి.

"దెయ్యాల్ని నమ్మేవాడు దేవుణ్ణి నమ్మనట్టేరా," అన్నాడు మేస్త్రీ.

"దేవుణ్ణి నమ్ముతాను కాబట్టే దెయ్యం జోలికి పోనండి. మీరు నన్ను పంపండి, పోతాను. కానీ మా ఆవిడకి మళ్ళీ సంబంధం మీరే చూడాలి. కాస్త ఎత్తున్నవాణ్ణి చూడండి."

షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు.

"శుక్రవారం రాత్రి నేను కూర్చుంటాను," అన్నాడు. "నా చేత్తో బిగిస్తాను. నా గీత గీస్తాను. పొద్దున్న మీరు వచ్చి చూడండి."

ఆ శుక్రవారానికి ఆల్బన్ పోయి సరిగ్గా రెండేళ్ళు. మేస్త్రీకి ఆ సంగతి గుర్తులేదట. తర్వాత చెప్పాడు.

ఇక్కణ్ణుంచి ఆయన చెప్పిందే.

రాత్రి పది గంటలకి సాయంత్రం షిఫ్టు దిగిపోయింది. మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. పంపు ఇంకా వేడిగా ఉంది. గేర్‌బాక్సు పోతను ఎత్తి బల్ల మీద పెట్టాడు. పంపు వేశాడు. చేతులు తిరిగి, దిగి, పట్టుకున్నాయి. ముల్లు గుర్తు దాకా వచ్చింది. కాక్ మూశాడు. పంపు ఆపాడు. సుత్తితో రెండుసార్లు తట్టాడు. మంచి శబ్దం. గీత గీశాడు. తన అక్షరం వేశాడు. నియమం ప్రకారం హీటరు ఆపాడు. దీపాలు ఆర్పి, ఒక్క చేతిదీపం ఉంచుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

పదకొండు... ఏమీ లేదు.

పెద్ద తలుపు కింది సందులోంచి గాలి వస్తోంది. కాళ్ళు కొయ్యబారాయి. ఆయన మనసులో ఒక కీర్తన చెప్పుకున్నాడు. అయిపోయింది. ఇంకోటి మొదలుపెట్టాడు.

పన్నెండు కొట్టింది.

టక్...

తలుపు వైపున్న చెయ్యి సన్నగా వణికింది. తర్వాత పైకి లేచింది. ఎంతో నెమ్మదిగా... తొందరేమీ లేనట్టు. లేచి పక్కకి తిరిగింది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంది. షెడ్డులో ఇంకో ప్రాణి లేదు.

రెండోది. మూడోది.

"మౌటె," అన్నాడు. "మౌటె... ఏం కావాలి నీకు?"

నాలుగోది లేచింది.

"నేను చూసిందే చెప్పానయ్యా. తెరిచి ఉన్నాయి. నా కళ్ళతో చూశాను."

అయిదోది. ఆరోది.

అన్నీ తెరుచుకున్నాయి. పోత బల్ల మీద ఉత్తినే నిలబడి ఉంది. మేస్త్రీ దీపం ఎత్తాడు. వెలుగు పోత మీద పడింది. గీత ఉంది. గీత కింద తన అక్షరం ఉంది.

గీత ఉంది... బిగించలేదు.

ఆ క్షణంలో ఎవరైనా షెడ్డులోకి వచ్చి చూస్తే, గొట్లోబ్ రాప్ గీత గీసి బిగించలేదనే అంటారు. తను ప్రమాణం చేసి చెప్పినా నమ్మరు. తను ఆల్బన్ గీతని నమ్మలేదు కదా!

భయం అక్కడే పోయిందట. దానికంటే పెద్దదేదో వచ్చి కూర్చుంది.

చెయ్యి చాచి నూనె గొట్టం పట్టుకున్నాడు. పది గంటలకి వెచ్చగా ఉన్న గొట్టం. ఇప్పుడు మంచుగడ్డలా ఉంది.

మళ్ళీ పంపు వేశాడు. నూనె వేడెక్కేదాకా గంటసేపు తిప్పాడు. బిగించాడు, తట్టాడు. మంచి శబ్దం. కాక్ మూసి, పంపు ఆపి, ఈసారి పెద్ద తలుపు బార్లా తెరిచాడు. ఆ రాత్రి తెరిచినట్టు. గడియారం చూసుకుంటూ సరిగ్గా అరగంట ఆ చలిలో నిలబడ్డాడు.

అరగంటకి చేతులు దించే ఉన్నాయి. ఆరూ పోత మీద ఆని ఉన్నాయి. చూస్తే పట్టుకున్నట్టే ఉన్నాయి. గేజీ పంపు వైపు ఉంది కాబట్టి కాక్‌కి అవతల ఏం జరుగుతోందో అది చెప్పదు.

మేస్త్రీ అరచెయ్యి ఆనించి పోతని తోశాడు.

నలభై కిలోల ఇనుము బల్ల మీద జరిగింది. పిల్లాడు తోసిన కుర్చీలా జరిగింది.

వేడి నూనె చల్లబడితే కుంచించుకుపోతుంది. మూసిన గొట్టంలో వేలెడంత నూనె పిసరంత కుంచించుకున్నా చాలు, దాని పట్టు పోతుంది. ముందు పట్టు పోతుంది, చాలాసేపటికి చెయ్యి లేస్తుంది. అంతే సంగతి. దెయ్యం లేదు. అందుకే ఆ పుస్తకంలో పంపు ఆపొద్దని రాశారు. అందుకే ఆ స్విచ్చి పెట్టారు. వేసవిలో షెడ్డు చల్లబడదు, కాబట్టి వేసవిలో దెయ్యం రాలేదు.

ఆల్బన్ బిగించాడు. తట్టాడు. విన్నాడు. నిజమైన గీత గీశాడు. రొట్టె తినడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి, దించే ఉన్న చేతుల్ని చూసి, తన గీతని తాను నమ్మాడు.

మేస్త్రీ అక్కడే నిలబడి ఉండగా చేతులు మళ్ళీ లేవడం మొదలుపెట్టాయట. ఒక్కొక్కటే... ఆయన తల తిప్పుకోలేదు. ఆరూ లేచేదాకా చూశాడు.

పొద్దున్న అయిదింటికి హెడ్విగ్ వస్తుంది, క్యాంటీన్ పొయ్యి వెలిగించడానికి. మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. రాత్రంతా ఇంటికి పోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఏమైంది మేస్త్రీగారూ? కాఫీ ఇంకా కాలేదు."

"కాఫీకి రాలేదమ్మా."

చెప్పాడు. నూనె సంగతి, తలుపు సంగతి, తీగ ముక్క సంగతి. పంపు ఆపించింది నేను, తీగ కట్టింది నేను, నీ మొగుడు బిగించలేదన్నది నేను. మూడూ నేనే. ఒక్కటీ తగ్గించకుండా చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. నాకు ముందే తెలుసు అంటుందనుకున్నాడు. ఆ మాటకే ఎక్కువ భయపడ్డాడట.

ఆమె చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉంది.

"అయితే... ఆయన బిగించాడా?"

"బిగించాడమ్మా."

ఆమె బెంచీ మీద కూర్చుంది. తర్వాత అందట, చిన్నగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

"నేనూ నమ్మాను మేస్త్రీగారూ."

"ఏం నమ్మావు?"

"మీరు చెప్పిందే. మీరు అబద్ధం ఆడరు కదా. అందరికీ తెలుసు కదా." అగ్గిపెట్టెని పక్కన పెట్టింది. "పెళ్ళైన పదిహేడేళ్ళలో నాతో ఒక్క అబద్ధం ఆడని మనిషి, అక్కడ సుద్దతో అబద్ధం రాసి చచ్చిపోయాడు అనుకున్నాను. ప్రతి శనివారం సమాధి దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆకులు ఊడ్చేదాన్ని, నీళ్ళు పోసేదాన్ని. వెళ్ళకపోతే ఊళ్ళో ఏమనుకుంటారో అని. రెండేళ్ళు... ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు."

నలభై ఏళ్ళు నిజం మాట్లాడి సంపాదించుకున్న నమ్మకాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాడో మేస్త్రీకి అప్పుడు తెలిసింది. ఇది ఆయన మాటే, నాది కాదు.

సోమవారం షిఫ్టు మారే వేళ ఆయన మళ్ళీ అందరినీ నిలబెట్టాడు. ఈసారి పేరు ఎత్తాడు. పెట్టె విప్పి, తీగ ముక్క తీసి, చూపించాడు. విచారణ చేసినవాళ్ళకి ఉత్తరం రాశానని చెప్పాడు. మేస్త్రీ పని వదిలేస్తున్నానని చెప్పాడు. సెలామి ఏడో మిషను దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, తన భాషలో ఏదో చదివి వచ్చాడు.

మాట మాత్రం వెంటనే చావలేదు. వసంతంలో ఒక కొత్తవాడు ఏదో పనికి 'మౌటె గీత' అన్నాడు. అర్థం తెలియకుండానే అన్నాడు. ఊళ్ళో నేర్చుకున్నాడట. పక్కన ఉన్న పదిమందిమీ తలలు దించుకున్నాం. వాడికి ఎందుకో తెలియలేదు. నేర్పింది మేమే.

ఆ సోమవారానికి ముందు శనివారం సంగతి ఒకటి ఉంది. పొద్దున్న చూడ్డానికి వెళ్ళినవాళ్ళని, సోమవారం చెబుతానని మేస్త్రీ పంపేశాడు కాబట్టి అప్పటికి మాలో ఎవరికీ నిజం తెలియదు.

చీకటి పడుతోంది. నేను శ్మశానం గోడ పక్కగా ఇంటికి పోతున్నాను. లోపల మాటలు వినిపించాయి. ఆడగొంతు. జవాబు వినిపించడం లేదు. ఒళ్ళు జలదరించిందని ఒప్పుకుంటాను. గేటులోంచి చూశాను.

హెడ్విగ్. సమాధి గట్టు మీద కూర్చుని ఉంది. మంచు పడుతోంది, భుజాల మీద అప్పటికే పేరుకుంది. ప్రార్థన చెయ్యడం లేదు, ఏడవడం లేదు. వంటింట్లో కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడుతోంది. పైకప్పు పెంకు ఒకటి జారిందని, పక్కింటివాళ్ళు మెట్లు ఊడ్చే వంతు ఎగ్గొడుతున్నారని, చెల్లెలికి కాన్పు కష్టమైందని. మధ్యమధ్య ఆగి, జవాబుకి చోటిచ్చి, మళ్ళీ చెబుతోంది.

నన్ను చూసింది. నేను టోపీ తీశాను.

"చలిలో ఇంతసేపు కూర్చోకమ్మా. ఇంటిదాకా తోడొస్తాను, పద."

"నువ్వు వెళ్ళు యాకోబ్," అంది. "నేనింకా మొదటి చలికాలం కబుర్ల దగ్గరే ఉన్నాను."